తూకం అయ్యేదాకా

చిరంజీవి పిడుగుకు అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాస్తే నువ్వు నమ్మవు, నాకూ రాయబుద్ధి కావడం లేదు. ఇద్దరం బతికే ఉన్నాం. ముందు ఆ మాట గుండెలో పెట్టుకుని మిగతాది చదువు. బాక్సింగ్ శిక్షణ శిబిరంలో పడక గట్టిగా ఉందన్నావు, నీ వీపుకు అదే మంచిది. ముక్కు మీద దెబ్బ తగ్గిందా అని అడిగితే మాత్రం జవాబు లేదు. మీ నాన్న కూతురివే కదా, అడిగింది వదిలేసి అడగనివన్నీ చెబుతావు.

నేను నీలా కాదు, అడిగినవన్నీ చెబుతాను. జిమ్ము పైకప్పు బాగుచేయించాం. కొట్టే సంచీ మళ్లీ చిరిగితే నేనే కుట్టాను. మెట్ల మీద జారితే నాన్నకు పక్కటెముక విరగడమేమిటని అడిగావు. దానికి వస్తాను, తొందరపడకు.

పోటీ కోసం నువ్వు వెళ్లిన రోజు నుంచి మీ నాన్న కూడా నీతోపాటు బరువు దించడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి నీకు తెలియనిదా? తన దగ్గర నేర్చుకున్నవాళ్లు పోటీ కోసం కడుపు మాడ్చుకుంటుంటే తానూ మాడ్చుకుంటాడు. పోటీకి ముందు వాళ్ల బరువు తూకం అయ్యేదాకా కంచం నిండా తినడు. నలభై ఏళ్ల వయసులో అలా చేస్తే జిమ్మంతా దండం పెట్టింది. ఇప్పుడు డెబ్బై దాటింది. పొద్దున రొట్టె ముక్క, సాయంత్రం చక్కెర లేని టీ. గుడ్డు ఉడికించి పెడితే వీధి కుక్కకు వేశాడు. తిట్టాను, అరిచాను, ఒకరోజు కంచం తీసి గోడకేసి కొట్టాను. బిడ్డ ఆకలితో ఉంటే నాకు ముద్ద ఎలా దిగుతుందే అన్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతుంటే అద్దం ముందు నిలబడి, పెళ్లినాటి బరువుకు వచ్చానని మురిసిపోయాడు. ఆ అద్దం కూడా పగలగొట్టేదాన్నే, పెద్దదని ఊరుకున్నాను.

అంతలో కుర్రాళ్లు గుద్దడానికి ప్యాడ్లు పట్టుకుంటుంటే రింగు తాడుకు రాసుకుని మోచేతి మీద చర్మం లేచిపోయింది. నా ఈ చేతులు ఎందరి కనుబొమ్మలకు కట్లు కట్టాయో నీకు తెలుసు. ఈ గాయం మాత్రం మూతపడలేదు. కడిగి కట్టు కట్టినా మర్నాటికి చీము. దానికి తోడు దగ్గు. గాయం మొండిదైతే నేను జగమొండిని అని ఒకటే బడాయి.

ఒకరోజు సాయంత్రం, మన దగ్గర కొత్తగా చేరిన లారీ డ్రైవరుతో రింగులోకి దిగాడు. మనిషి కొండలా ఉంటాడు కానీ మెత్తనివాడు, ముసలాయన మీద చెయ్యి వేయడానికి జంకాడు. మీ నాన్న ఊరుకుంటాడా? నీ చేతులు స్టీరింగు తిప్పడానికేనా అంటూ చెంప మీద చరిచాడు. మళ్లీ చరిచేసరికి డ్రైవరుకు తిక్క రేగింది. కడుపులో ఒకటి, చెవి కింద ఒకటి పడ్డాయి. మీ నాన్న నోట్లోంచి నెత్తురు తాళ్ల మీదకు చిమ్మింది.

నేను తువ్వాలు విసిరాను. మన జిమ్ములో తువ్వాలు పడితే ఆట ఆగాల్సిందే, ఇన్నేళ్లలో ఒక్కరూ కాదనలేదు. ఆ నియమం పెట్టిన మనిషే దాన్ని కాలితో తన్ని బయట పడేశాడు. డ్రైవరు చేతులు దించేసి, నావల్ల కాదమ్మా అన్నాడు. దించిన చేతుల మీదకే మీ నాన్న మళ్లీ దూకాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గోడకున్న నీ పాత గ్లోవ్స్ తొడుక్కుని తాళ్ల మధ్య దూరాను.

"ఏమయ్యా, నన్ను ఆపు చూద్దాం" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు మీదే కొట్టాను. అడ్డం పెట్టాలని ఆయన చేతులు లేచాయి, కానీ ఆలస్యంగా లేచాయి. రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. లోపల ఎండుపుల్ల విరిగినట్టు నా పిడికిలికే తెలిసింది. చప్పుడు లేకుండా కూలిపోయాడు.

మెట్లూ లేవు, జారడమూ లేదు. మీ నాన్న ఎముక విరగ్గొట్టింది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అంత తేలిగ్గా పడిపోయాడే అన్న భయం దానికంటే ఎక్కువగా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కడిగేసింది. ఎముక అతుక్కుంటుంది, అసలు ప్రమాదం అది కాదంది. ఊపిరితిత్తుల్లో అప్పటికే నిమ్ము చేరింది, మోచేతి నుంచి విషం పైకి పాకుతోంది. ఈ వయసులో తిండి తగ్గిస్తే ఒళ్లు తన కండనే తినేస్తుందట. రోగం వచ్చి మీద పడితే ఎదురు తిరగడానికి లోపల సరుకుండదట. గుడ్లూ పాలూ పప్పూ మాంసమూ కుర్రాళ్లకంటే ముసలివాళ్లకే ఎక్కువ అవసరమట. ఆయన తినకపోతే నా మందు ఒంటరిగా కొట్లాడి గెలవలేదమ్మా అంది.

ఆయన తినలేదు. ఒళ్లు కాలిపోతూ కూడా పాల గ్లాసు విసిరికొట్టాడు, నర్సు బట్టలన్నీ తడిశాయి. "పిల్లకింకా తూకం కాలేదు" అన్నాడు.

అప్పుడు అబద్ధం ఆడాను. నీ కూతురు బరువు దించడం మానేసింది, పై బరువు తరగతిలో దిగుతోంది, కడుపు నిండా తింటోంది అన్నాను. నిన్ను పిరికిపంద అన్నాడు, నన్ను అనరాని మాటలన్నాడు. తర్వాత కాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పైవాళ్లు గట్టిగా కొడతారే. దానికి కండ పట్టాలి. గుడ్డేదీ?" అన్నాడు.

అప్పటి నుంచి పగబట్టినట్టు తింటున్నాడు. ఈ పూట జ్వరం కాస్త తగ్గింది. మోచేతి దగ్గర చీము కూడా తగ్గుముఖం పట్టింది. ఇంకా గండం దాటలేదంటోంది డాక్టరమ్మ, తినడం ఆపితే తన పూచీ లేదంటోంది. పోటీ సంగతులతో నీ ఉత్తరం ఎప్పుడొస్తుందా అని పోస్టు కోసం కాచుకుని ఉన్నాడు.

పిడుగూ, ఆ బరువు కోసం నువ్వెంత మాడావో, ఆ ఛాంపియన్ బెల్టు మీద ఎంత ఆశ పెట్టుకున్నావో నాకు తెలుసు. నేనడిగేది ఎంత పెద్దదో తెలిసే అడుగుతున్నాను. నా అబద్ధాన్ని నిజం చెయ్యి. పై తరగతిలో దిగు. కుదరదంటావా, అదే దాచకుండా రాయి, ఆయనకు నేనే చెబుతాను. చెప్పిన క్షణం చెంచా కింద పెట్టేస్తాడు. ఈసారి పడిపోతే లేపడానికి నా చేతుల్లో ఏ కట్టూ లేదు తల్లీ.

ఇట్లు,
మీ నాన్నను పడగొట్టి, ఆ మంచం పక్కనే కూర్చున్న
మీ అమ్మ