వదిన కూల్చిన విమానం

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున గద్వాల ఇంట్లో వదిన నీ కంప్యూటర్ ముందు కూర్చుని, నీ యుద్ధవిమానాల ఆట తెరిచింది. ఎగిరే విమానానికి ఎంత ముందుగా గురిపెట్టాలో చూపే ఆ జైరో గన్‌సైట్‌లో, వెలుగుచుక్కల వలయాన్ని శత్రువు రెక్కల కొసలకు సరిపెట్టింది. అది కుదురుకునేదాకా ఓపిక పట్టి కాల్చింది. విమానం కూలింది.

"ఎవరు నేర్పిండ్రు వదినా?"

"మీ అన్ననే. పెండ్లైన కొత్తల్ల."

నేను ఏళ్లతరబడి బతిమాలితే, "నీకు గిది రాదు, పో" అనేవాడివి. కుళ్లుతో నా కళ్లు మండాయి.

"రా, నీకు గూడ నేర్పుత" అంది వదిన.

పనుందని అబద్ధమాడి లేచి వచ్చేశాను. నాకది నీ దగ్గరే నేర్చుకోవాలని ఉండేది.

నీ చెల్లెలు