నా వైపు బ్రేకు

ఫిబ్రవరి 8, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావా, డ్రైవింగు స్కూలు కార్లూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, నా దగ్గర కొనుక్కున్న ఆ పాత స్కూలు కారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇంత పొడుగు ఉత్తరం దేనికి, ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటైనా పూర్తి చేయనివ్వవు. కాగితానికైతే అడ్డుపడలేవు.

వచ్చే శనివారం, ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని రేసు ట్రాక్ మీద నడుపుకునే ఆ ట్రాక్ డేకి వెళ్తాననీ, నేను పక్క సీట్లో కూర్చుంటేనే వెళ్తాననీ నువ్వు చెప్పినప్పుడు, నిజం చెప్పొద్దూ, నవ్వొచ్చింది. ఆ వాన రోజు లారీ సంగతి జరిగిన దగ్గర్నుంచి కారు తాళం ముట్టుకోనివాడివి, పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని స్కానింగ్ యంత్రాలు బాగుచేయడానికి ఊరూరా ఆసుపత్రులకు బస్సుల్లో తిరుగుతున్నవాడివి, ఏకంగా రేసులు జరిగే చోటికి వెళ్తానంటావేమిటని. తర్వాత మరదలు అసలు సంగతి చెప్పింది. ఈ నెలాఖరులోగా కారు తీయకపోతే నీ పని ఇంకొకరికి ఇచ్చేస్తానని మీ మేనేజరు అన్నాడట. అక్కడైతే ఎదురు బండి ఉండదు, నీళ్ళు చల్లిన నేల మీద గట్టిగా బ్రేకు వేయడం నేర్పుతారు, ఆ ధైర్యంతో మళ్ళీ రోడ్డెక్కవచ్చని నీ ఆలోచన. ఆలోచన బాగానే ఉందిరా. నవ్వినందుకు నొచ్చుకోకు.

అందుకే మొన్న పాఠాలు లేని రోజు చూసుకుని, నీతో చెప్పకుండా ఆ ట్రాక్ చూసొచ్చాను. ఇన్నేళ్ళుగా జనానికి నెమ్మదిగా నడపడం నేర్పి బతుకుతున్నదాన్ని. వేగంగా నడపడం డబ్బిచ్చి నేర్చుకునేవాళ్ళు ఎలా ఉంటారో చూడకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

కుర్రకారు కేకలేస్తూ ఉంటారనుకున్నాను. గేటు దాటగానే మొదట కనబడింది నా వయసు ఆవిడ. కారు డిక్కీ తెరిచి గొడుగు, నీళ్ళ సీసాలు, మనవరాలి బొమ్మలు, ఒంటి చెప్పు అన్నీ తీసి నేల మీద పేరుస్తోంది. ఇల్లు మారుతున్నారా అని అడిగాను. కారులో వదులుగా ఒక్క వస్తువు కూడా ఉండకూడదట, మలుపులో సీసా దొర్లి బ్రేకు కిందికి పోయిందంటే అంతే సంగతులట. రెండో చెప్పు ఏమైందో ఆవిడకూ తెలియదు. నీ కారులో ఎన్ని స్క్రూలు దొర్లుతుంటాయో నాకు తెలుసు. శుక్రవారమే కూర్చుని ఏరు.

ఇంకో వింత చెప్పనా? అక్కడ హారన్ లేదు. అన్ని కార్లున్నాయి, ఒక్కరూ మోగించరు. ముందు పోవాలంటే తిన్నగా ఉన్న దారిలోనే పోవాలి, అదీ ముందున్నవాడు వెళ్ళమని సైగ చేశాకే. నేను రోడ్ల మీద గొంతు చించుకుని చెప్పినా ఎవరూ ఇవ్వని దారి, అక్కడ రెట్టింపు వేగంలో పోతూ మర్యాదగా ఇచ్చుకుంటున్నారు. కంచె పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాను.

పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి పాఠం చెబుతారు. అది తప్పిన వాళ్ళను ట్రాక్ మీదికి రానివ్వరు, ఎంత గొప్పవాళ్ళైనా సరే. పసుపు జెండా ఊపితే వేగం తగ్గించాలి, ఎర్ర జెండా ఊపితే ఆ చుట్టు ఆపేసి జాగ్రత్తగా వెనక్కి రావాలి. కార్లు తనిఖీ చేసే ఆయన్ని పట్టుకుని నా సందేహాలన్నీ అడిగాను. చివరి చుట్టు నెమ్మదిగా ఎందుకు తిరుగుతారంటే కాగిన బ్రేకులు చల్లారడానికన్నాడు. ఆపాక హ్యాండ్‌బ్రేకు ఎందుకు వేయరంటే అదీ వేడివల్లేనన్నాడు. చివరికి విసుగొచ్చి, ఇంతకీ మీ కారేదమ్మా అని అడిగాడు. కారు తేలేదు, సందేహాలే తెచ్చానన్నాను. పాపం, టీ ఇప్పించాడు. బ్రేక్ ఆయిల్ పాతదైతే వెళ్ళేలోపే మార్పించమనీ, చక్రాల నట్లు బిగించి ఉన్నాయో లేదో చూసుకోమనీ, హెల్మెట్ అరువు తెచ్చుకుంటే తలకు సరిపోయేదే తెచ్చుకోమనీ చెప్పాడు. నీ తల సంగతి నాకు తెలుసు కనుక ముందే వెతకడం మొదలుపెట్టు.

ఇక బీమా. మన స్కూలు కార్ల బీమా చూసే ఏజెంటమ్మ ఉందే, ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నీ మామూలు పాలసీ ఉందిగా, అది ఆ గేటు దాకానే నీతో వస్తుందట. లోపల ఏం జరిగినా దానికి సంబంధం లేదు. సాయంత్రం గేటు బయటికొచ్చి ఇంటిదారి పట్టాక మళ్ళీ పనికొస్తుంది. అందుకని లోపల గడిపే ఆ ఒక్క రోజుకు వేరే బీమా తీసుకోవాలి. అదైనా నీ కారు దెబ్బతింటే బాగుచేయిస్తుంది, అందులోనూ మొదటి వాటా మనమే పెట్టుకోవాలి. పక్కవాడి కారుకు తగిలితే దాన్ని ఇది పట్టించుకోదు, ఎవరి బండి వాళ్ళదే. ట్రాక్ పక్కన ఇనుప కంచె వంగితే ఆ ఖర్చు ట్రాక్ వాళ్ళు మనమీదే వేస్తారు, దానికీ రక్షణ కావాలంటే విడిగా అడిగి చేర్పించుకోవాలి. ఇంకా, ఒక చుట్టు ఎంతసేపట్లో తిరిగావో గడియారం పెట్టి చూసుకున్నావంటే అది పందెం కింద లెక్కేసి అసలు బీమాయే చెల్లదంటారట. ఈ ముక్క విని నేను చాలాసేపు ఆశ్చర్యపోయాను. మరదలు సరదాపడి ఫోన్లో టైము చూడబోతే మాన్పించు.

కారులో మార్పులు చేర్పులు ఏమైనా ఉన్నాయా అని కూడా ఏజెంటమ్మ అడిగింది. దాచిపెడితే తర్వాత ఇబ్బంది కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాసుకుంది. దాని గురించి నువ్వు బెంగపడకు.

అసలు కబురు చివరికి దాచాను. మొదటిసారి వచ్చినవాళ్ళ పక్కన ఇంటివాళ్ళను కూర్చోనివ్వరు. వాళ్ళ శిక్షకుడే కూర్చుంటాడు. ఆ బీమాలో పక్క మనిషికి రక్షణ కూడా లేదు. కనుక నేను రాలేను. అంటే వస్తాను, కంచె అవతల నిలబడతాను.

ఇది చదివి నీ ముఖం ఎలా మారిందో ఇక్కణ్ణుంచే కనబడుతోంది. నువ్వేమంటావో కూడా తెలుసు. లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడు, నీ కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోతే, నేర్పేవాళ్ళ కోసం పక్క సీటు దగ్గర పెట్టే నా వైపు బ్రేకు తొక్కి నేనే నిన్ను బతికించానంటావు. ఈ కథ మన చుట్టాల్లో నీ నోట విననివాళ్ళు లేరు. భోజనాల దగ్గర నువ్వు మొదలుపెట్టగానే మీ బావ తన కంచం తీసుకుని వరండాలోకి పోతున్నాడు.

భయంగా ఉంటే పరవాలేదురా. నాకూ ఉంటుంది, కొత్తవాళ్ళు మొదటిసారి గేరు వేసిన ప్రతిసారీ. కానీ ఈ ఉద్యోగమంటే నీకు ఎంతిష్టమో నాకు తెలుసు. ఆగిపోయిన యంత్రం మళ్ళీ పనిచేసిన రోజు నువ్వు ఫోన్లో మాట్లాడే తీరు వేరు. అది పోగొట్టుకోకు.

ఇంటిల్లిపాదికీ ఆశీస్సులతో,

కంచె అవతల ఉండబోయే
మీ అక్క

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఏజెంటమ్మకు ఏం చెప్పానో నీకు రాయలేదు. కారులో మార్పులేమిటంటే, పక్క సీటు వైపు రెండో బ్రేకు ఉందన్నాను. అది పనిచేస్తుందా అని అడిగింది. పనిచేయదన్నాను. నీకు అమ్మేటప్పుడే మెకానిక్కు దాని కేబులు తీసేశాడు. పెడలు కూడా పీకితే నేలకు చిల్లులు పడి వాన నీళ్ళొస్తాయని దాన్ని అలాగే వదిలేశాం. నీకు చెప్పాననే అనుకున్నాను. ఆ రోజు లారీ వెనక నేనూ అలవాటుకొద్దీ తొక్కాను. అది నా కాలి కింద ఊరికే కిందికి పోయింది, దాంతోపాటే నా ప్రాణమూ పోయిందనుకున్నాను. కారు మాత్రం ఆగింది. చెబుదామని నోరు తెరిచేసరికి నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నావు. తర్వాత నలుగురిలో నన్ను పొగుడుతుంటే, దాచడమెందుకు, బాగానే అనిపించింది. కానీ బీమా ఆవిడకు తెలిసిన సంగతి నీకు తెలియకపోవడం ఏం బాగుంది? శిక్షకుడికి కూడా ముందే చెప్పు, లేకపోతే ఆయనా నాలాగే తొక్కి హడలిపోతాడు. ఈ ఉత్తరం చదవగానే కిందికి వెళ్ళి, ఒక్కసారి నా సీట్లో కూర్చుని, ఆ పెడలు నీ కాలితో తొక్కి చూడు.