శనివారం దాకా టిక్కులు

నాన్నా, రూట్ కెనాల్ చేసిన వైపు మళ్లీ వాచింది కాబట్టి అటు నమలకు. మాత్ర తిన్నాకే వేసుకో.

మా ఆసుపత్రి పరిశోధన కోసం, పళ్లు తోముకున్నప్పుడల్లా నిన్ను టిక్కు పెట్టమన్న కాగితం పొద్దున చూశాను. ఇవాళ బుధవారం. టిక్కులు శనివారం దాకా ఉన్నాయి. నీ బ్రష్షేమో ఎండిపోయి ఉంది.

నాకు మాట రాకూడదనే పెట్టావని తెలుసు. పోయిన నెల కాగితం నిజమేనని సంతకం పెట్టింది నేనే. ఈ పరిశోధనలో మిగతా నలభైమంది ఒళ్లు దగ్గర పెట్టుకుని తోముకుంటుంటే, వాళ్ల మధ్య మనింటి అబద్ధం కూర్చుంది. ఇవాళ డాక్టరుగారికి చెప్పేస్తాను. ఆ తర్వాత నన్ను పనిలో ఉంచుతారో లేదో తెలీదు.

కాగితం తీసుకెళ్తున్నాను, వెతక్కు.

నొప్పి ఎక్కువైతే ఫోన్ చెయ్యి. నాకోసమని తగ్గించి చెప్పకు.