పెద్ద కీబోర్డే కొను

నా పియాంగ్వా, నా నల్ల ఆల్చిప్ప పిల్లా,

నీ ఉత్తరం సరుకుల పడవలో వచ్చింది. కంప్యూటరుకు తగిలించే మిడి కీబోర్డు కొంటానన్నావు. మీట నొక్కితే ఆ స్వరం తెర మీద రాతగా పడుతుందన్నావు. దానికి సొంత గొంతు లేదట కదా! "నోరు లేని వాయిద్యానికి మళ్ళీ బేరమొకటా!" అని నీ జ్ఞానతల్లి ఫుల్వియా పడీపడీ నవ్వింది. ఇదివరకైతే నేనూ నవ్వేదాన్ని.

నేనొక్కదాన్నే పాడితే చిన్నది చాలట, ఆడవాళ్ళంతా వెనక అందుకుని పాడితే రెండు చేతులూ పట్టే పెద్దది కావాలట. అందుకని అమ్మమ్మ నేర్పిన అలబావో పాడి పంపమన్నావు. కాలీ నగరానికి వెళ్ళి అన్నీ మరిచిపోయావా? అది చావుపాట. శవజాగరంలో తప్ప ఎత్తకూడదు. ఊరికే పాడితే ఇంకో చావును పిలిచినట్టే.

మీ తమ్ముడు ఆర్నోవిస్ చేపల వేటకెళ్ళిన పడవ ఇంకా రాలేదు. "కొమాద్రే, నీ బిడ్డకు జ్ఞానతల్లిగా చెప్తున్నా, జాగరం పెట్టు. నువ్వు పాడకపోతే వాడి ఆత్మకు దారి దొరకదు" అంటుంది ఫుల్వియా. "నీ కడుపున పుట్టలేదుగా, నోరు మూసుకో" అన్నాను.

నేను పాడితే వాడు చచ్చిపోయినట్టు. పాడను.

నీ అమ్మ,
ఎర్మెలిందా

ప్రియమైన అమ్మకు,

ఇంకెప్పుడూ అడగను. ఇరవై అయిదు మీటల చిన్నది చూసి పెట్టుకున్నాను, నా బల్ల మీద పడుతుంది. కొట్టువాడు "పెద్దది తీసుకో చెల్లీ, తర్వాత ఏడుస్తావు" అన్నాడు. "ఏడుపు నాకు కొత్తేం కాదులే" అన్నాను. నీ జోలపాటలు రాసుకుంటాను, వాటికి భయం లేదుగా.

తమ్ముడికి రోజూ పళ్ళెం పెట్టి, వాడు తినలేదని నువ్వూ మానేస్తున్నావట. ఫుల్వియమ్మ రాసింది. నన్ను రమ్మంటావా?

నీ యుర్లేనీ

పియాంగ్వా తల్లీ,

రానక్కర్లేదమ్మా. అయిపోయింది.

మడ అడవిలో పడవ బోర్లా దొరికింది. తర్వాత వాడూ దొరికాడు. ముఖం చూడనివ్వలేదు, చొక్కా చూపించారు. గుండీ నేను కుట్టిందే. నీకు కబురందేలోపే పాతిపెట్టాల్సి వచ్చింది.

జాగరంలో అందరూ నా వంకే చూశారు. ఎత్తాల్సింది నేనేగా. మొదటి మాట వచ్చింది, రెండోది రాలేదు. ఎందరి బిడ్డలకో పాడిన గొంతు నా బిడ్డ దగ్గర పూడుకుపోయింది. ఫుల్వియా అందుకుంది, వెనకాలే ఆడవాళ్ళంతా అందుకున్నారు. పాడితే బరువు దిగుతుందని నేనే నలుగురికీ చెప్పేదాన్ని. దిగదమ్మా.

చిన్నది కొనకు. పెద్దదే కొను. ఆ పాటలో నా గొంతు లేదు, వాళ్ళందరిదీ ఉంది. ఫుల్వియా ఫోన్లో పట్టింది, అందులోని చిప్పు తీసి ఈ కాగితంలో చుట్టాను. రాసుకో. నేనిక ఎవరికీ ఎత్తలేను.

నామీద ఒట్టు, మీటలు నొక్కు గానీ నోరు కలపకు. కూనిరాగం కూడా తీయకు. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.

నీ అమ్మ ఎర్మెలిందా.

వేళకు వండుకుని కడుపునిండా తిను.