ఇంటికో చెయ్యి

తాకేటా, రంగూన్

పెద్దన్నయ్యకీ వదినకీ పైడి నమస్కారాలు.

మేమంతా కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. తింటున్నాను, పడుకుంటున్నాను, బాగానే ఉన్నాను. వానలు మొదలయ్యాయి. పబేడాన్ బజారులో కొట్టు లెక్కలు రాయడానికి రోజూ తడుస్తూనే వెళ్తున్నాను. పొద్దున్నే చేపల పులుసులో సేమ్యా వేసుకు తినడం కూడా అలవాటైపోయింది. ఆయన ఓడ పని మీద వెళ్లాక ఇల్లు బోసిపోయింది, అదొక్కటే దిగులు.

తెలుగు సంఘం ఆడిటరు ఎన్నికలో నిలబడొద్దు, పరువు తీయొద్దు అని ఫోనులో అరిచావు కదా. నిలబడ్డాను. కోపమొస్తే రానీ! ఏటేటా కోశాధికారి బావమరిదే ఆడిటరు. బావ ఖర్చుపెట్టి, బావమరిది బాగుందని సంతకం పెడితే అదేం తనిఖీ? కోవెల కప్పు రేకులకి రసీదులు చూపించమని అడిగితే "నిన్న గాక మొన్న వొచ్చినావు, నీకేటమ్మా?" అన్నారు. ఆ మాటకే వెళ్లి పేరిచ్చాను.

ఇక్కడ ఓటంటే ఇంటికో చెయ్యి. ఇంటిపెద్దే ఎత్తాలి. మా ఇంటి చెయ్యి మామయ్యది. ఆయనేమో ఆ బావమరిదికి ముందే మాటిచ్చేశారు. నా ఇంటి ఓటే నాకు పడకపోతే నలుగురిలో మొహం ఎలా ఎత్తుకోను? అన్నం సహించలేదు. అయినా పేరు వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం కోవెల హాల్లో మగాళ్లు ముందు, మేం వెనక కూర్చున్నాం. నా పేరు చదివారు. అక్కడక్కడ చేతులు లేచాయి. మామయ్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అప్పుడు అత్తయ్య లేచి, మగాళ్ల మధ్యలోంచి నడిచి, ఆయన పక్కన నిలబడింది.

"ఎత్తు."

"మాటిచ్చీసినానే."

"జొరమొచ్చి పడుకుంటే గంజి కాసిచ్చింది ఆ బావమరిదేటి? ఇంటి సెయ్యి ఇంటికి నేకపోతే ఇంకెవులికి?"

అధ్యక్షుడు, పెద్దావిడ పేరుకి ముందు 'డా' చేర్చే బర్మా మర్యాదతో, "డా అప్పలమ్మా, ఆడోళ్లు ఎనక కూకోవాల" అన్నాడు.

"కూకోను. ముందు లెక్కెట్టు!"

హాలంతా నవ్వులు. మామయ్య చెయ్యి మెల్లగా లేచింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

ఓడిపోయానన్నయ్యా. అయితేనేం? ఆ బావమరిది నవ్వుతూ వచ్చి, "వొచ్చే ఏడు నిల్చోవు గదమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నారు.

"నిల్చుంటాది. ఇదిగో, ఇప్పుడే ఎత్తీసినాను, సూసుకో."

మళ్లీ చెయ్యెత్తారు, ఈసారి ఎవరూ చెప్పకుండానే.

వదినా, ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే గోంగూర పచ్చడి పంపు, అత్తయ్యకి ఇష్టం. పెద్దలందరికీ నా దండాలు. అమ్మని దీవించమను. అన్నయ్యా, నువ్వు తిట్టినా సరే, వచ్చే ఏడు కూడా నిలబడతాను. ఇక్కడి ఇంటి చెయ్యి లేచింది. మన ఇంటి చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది.

నీ చెల్లెలు,
పైడి