వెళ్లడానికే సరిపోయే బండి

అక్కా,

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. చింపేముందు ఒక్కసారి చదువు. గురువారం నీకు ఆపరేషనని బావ చెప్పినప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవట్లేదు.

కరెంటు కారు కొన్నాను. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే మూడొందల కిలోమీటర్లు పోతుందని షోరూమువాళ్లు ఊదరగొట్టారు. మీ ఇల్లు నూట నలభై. గుమ్మంలోనే నిన్ను చూసి, మంచినీళ్లయినా అడక్కుండా తిరిగొచ్చేయొచ్చని లెక్కేసుకున్నా. తీరా చూస్తే, ఏసీ ఆపేసి ఉడికిపోయినా రెండొందలు దాటట్లేదు. రెండుసార్లు బయల్దేరి, మీటరు చూసి సగం దారిలోనే వెనక్కి తిరిగాను. తప్పంతా బ్యాటరీదేనని బావతో చెప్పాను. అందులో సగం అబద్ధం.

బుధవారం పొద్దున్నే వస్తున్నా. మీ వరండాలో వాషింగ్ మెషీన్ ప్లగ్గు పనిచేస్తోందా? దానికి పెడితే ఛార్జింగ్‌కి పన్నెండు గంటలు పడుతుంది. నాతో మాట్లాడకపోయినా సరే, అంతసేపూ ఇంట్లో ఉండనియ్యి.

అమ్మ కుట్టుమిషన్ కోసం కొట్లాడుకున్న రోజు, మీ గుమ్మం దిగుతూ "వెళ్తున్నా" అన్నాను. "వెళ్లొస్తా" అనలేదు. ఆ మాట రెండేళ్లుగా గొంతులోనే ఉంది.

బండికి ఛార్జింగ్ నిండాక, ఈసారి సరిగ్గా చెప్పి బయల్దేరతా.

నీచేత మొండిఘటం అనిపించుకునే
నీ చెల్లి