బుట్టలో చీటీ

చిట్టితల్లీ,

నువ్వు పోయాక మన బనగానపల్లె తోటలో ఇది మొదటి కాపు. ఈసారి మామిడికాయలు కంప్యూటరులో అమ్ముతున్నాం. మీ అన్న రకం, బరువు, ధర అని గడులు నింపుతుంటే, ప్రతి బుట్టలో నువ్వు రాసిపెట్టే మాట కూడా ఎక్కించమన్నాను: "పండు పుల్లగా ఉంటే నన్ను తిట్టుకోండి, చెట్టును కాదు."

"దానికి గడి లేదు నాయనా," అన్నాడు, తల తిప్పుకుని.

నిన్న మైదుకూరు నుంచి, ఏటా మన కాయలే కొనే అవ్వ ఫోను చేసింది.

"పండ్లు శానా తియ్యగుండాయప్పా. చీటీ యాడ? పాప రాయలేదా?"

ఆమెకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను.

"వచ్చే బుట్టలో రాస్తాదిలే అవ్వా," అన్నాను.

ఆమెకు పంపే రెండో బుట్ట కట్టేశాను. చీటీకని చించిన కాగితం మీదే నీకిది రాస్తున్నాను.

నాయన